ఐబీ డిప్లొమాలో ‘క్యాస్’: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) అనే అంతర్జాతీయ సంస్థ నడిపే రెండేళ్ల డిప్లొమా చదవడానికి మన జిల్లాల నుంచి పెద్ద నగరాలకు వెళ్లిన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, తల్లిదండ్రులకు అంతుపట్టని మాట ఒకటి వినిపిస్తుంటుంది. అదే క్యాస్, అంటే క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్. గణితం, భౌతికశాస్త్రం ఇంటిల్లిపాదికీ తెలిసినవే కానీ, తప్పెటగుళ్లు నేర్చుకోవడం, సాయంత్రం పూట పరుగెత్తడం, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం కూడా చదువులో భాగమేనంటే ‘ఇదేం చదువు?’ అనే ప్రశ్న తప్పదు. దానికి సూటి సమాధానం ఉంది. ఆరు సబ్జెక్టులకు కలిపి 42 పాయింట్లు, థియరీ ఆఫ్ నాలెడ్జ్ (మనకు తెలిసినది ఎలా తెలిసిందని ఆలోచించే పాఠం), ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సుదీర్ఘ పరిశోధన వ్యాసం) రెండింటికీ కలిపి 3 పాయింట్లు, మొత్తం 45. ఇందులో క్యాస్‌కు ఒక్క పాయింటు కూడా లేదు. అయినా క్యాస్ పూర్తి చేయని విద్యార్థికి, పరీక్షల్లో ఎన్ని పాయింట్లు వచ్చినా, డిప్లొమా రాదు.

నియమాలు ఏమంటున్నాయి

క్యాస్ మూడు పాయల జడ వంటిది. మొదటి పాయ సృజన, అంటే ఒక ఆలోచనకు మీ చేతులతోనో గొంతుతోనో రూపం ఇవ్వడం. రెండోది ఆరోగ్యకరమైన జీవితానికి తోడ్పడే శారీరక శ్రమ. మూడోది సేవ, అంటే సమాజంలో నిజంగా ఉన్న ఒక అవసరానికి, ప్రతిఫలం ఆశించకుండా, అవతలి వారితో కలిసి స్పందించడం. ఈ మూడూ సుమారు సమతూకంలో కనీసం 18 నెలల పాటు, వీలైతే ప్రతి వారం, సాగాలి. వాటితో పాటు ఇతరులతో కలిసి చేసే ఒక ప్రాజెక్టు కనీసం ఒక నెల పాటు నడవాలి. చేసిన పనికి ఆధారాలు, ఆత్మపరిశీలనలు ఒక పోర్ట్‌ఫోలియోలో చేరాలి. క్యాస్ సమన్వయకర్తతోగాని సలహాదారుతోగాని మూడు అధికారిక ముఖాముఖీలు జరగాలి. చివరికి ఏడు అభ్యసన ఫలితాలకూ పోర్ట్‌ఫోలియోలో సాక్ష్యం కనబడాలి.

సీనియర్లు చెప్పే ‘150 గంటలు’ పాత నియమం. ఇప్పుడు గంటల లెక్క లేదు. గంటలు లేవు కదా అని పని తేలికైందనుకుంటే పొరపాటు, ఎందుకంటే గంటలనైతే చివరి రెండు నెలల్లో ఎలాగోలా కూడబెట్టవచ్చునేమో కానీ 18 నెలల నిలకడను అలా కూడబెట్టడం సాధ్యం కాదు. ఆగస్టులో తరగతులు మొదలైతే ఆ మరుసటి సంవత్సరమంతా దాటి, దాని తరువాతి జనవరి చివరి వరకు లెక్క వస్తుంది. మే పరీక్షలకు ముందు మిగిలేది చాలా తక్కువ సమయం.

మొదటి అడుగు: మీ గురించి ఒక పేజీ

పనులను ఎంచుకోవడానికి ముందే ఒక పేజీ రాయండి. మీకు ఇప్పటికే వచ్చినవి, రావాలని ఉన్నా రానివి, చేయడానికి జంకుతున్నవి అని మూడు భాగాలు చేయండి. అబద్ధం రాయాలనిపించేది మూడో భాగంలోనే కనుక దానిపై ఎక్కువసేపు కూర్చోండి. తొలి ముఖాముఖీ మొదటి సంవత్సరం ఆరంభంలో జరుగుతుంది. ఈ పేజీ చేతిలో ఉంటే ఆ సంభాషణ మొక్కుబడిగా సాగదు. ఏడు ఫలితాల్లో మొదటిది తన బలాలను, ఎదగవలసిన చోట్లను గుర్తించడమే కాబట్టి, ఆ పేజీయే పోర్ట్‌ఫోలియోలో తొలి పత్రమవుతుంది.

రెండో అడుగు: జల్లెడ పట్టడం

తట్టిన ప్రతి పనినీ నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టండి. అది మూడు పాయల్లో కనీసం ఒకదానిలోకి వస్తుందా? అది మీ ఆసక్తి, నైపుణ్యం, ప్రతిభ లేదా ఎదిగే అవకాశం నుంచి పుట్టిందా? ఐబీ తన విద్యార్థిలో చూడాలనుకునే గుణాల్లో ఏదో ఒకటి దాని వల్ల పెరుగుతుందా? ఏదైనా సబ్జెక్టులో అడిగిన పనినే మళ్లీ క్యాస్‌గా చూపిస్తున్నారా? మొదటి మూడింటికి అవును, నాలుగోదానికి కాదు అనే జవాబు రావాలి.

ఈ జల్లెడలోంచి కొన్ని పనులు జారిపోతాయి. నాన్నగారి దుకాణంలో కూర్చోవడం, జీతం తీసుకుని ట్యూషన్ చెప్పడం, అరసవల్లి ఆదిత్యుణ్ణి ఆదివారం ఆదివారం దర్శించుకోవడం, ఇతరులను ఒక మతం వైపో పార్టీ వైపో తిప్పే ప్రచారం, ఇవేవీ క్యాస్ కావు. దర్శనం మీ వ్యక్తిగత భక్తి. దానిని ఎవరూ తప్పుపట్టరు, కానీ దానికి పోర్ట్‌ఫోలియోలో చోటు లేదు. అదే గుడి దగ్గర రథసప్తమి రద్దీలో తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రుల దగ్గరకు చేర్చే స్వచ్ఛంద బృందంలో, నిర్వాహకుల అనుమతితో, శిక్షణ తీసుకుని పనిచేస్తే అది సేవ. చోటు ఒకటే అయినా మీరు అక్కడ చేస్తున్న పని వేరు.

వృద్ధాశ్రమానికి ఒక రోజు వెళ్లి అరటిపళ్లు పంచి, ఫొటో దిగి రావడం నియమాల ప్రకారం పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. అయితే అలాంటి పనిని సేవా పాయకు ఆధారంగా చూపించవద్దనే నా సలహా. అక్కడివారు మీ పేరు మరిచిపోకముందే మీరు వారి పేర్లు మరిచిపోయి ఉంటారు.

మూడో అడుగు: మన నేల మీద వెతకడం

సృజనకు మన జిల్లాల్లో కొదవ లేదు. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చి అధ్యాపకుడై నిలిచారని చెబుతారు. వయొలిన్, వీణ నేర్పే గురువులు ఆ ఊళ్లో ఇప్పటికీ దొరుకుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే పనిని రోజుల తరబడి చూసి బొమ్మలుగా గీయవచ్చు. పొందూరులో సన్న ఖాదీ కోసం వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వే చేతులను, వారు ఒప్పుకుంటే, ఫొటో వ్యాసంగా మలచవచ్చు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చూసి రావడం సృజన కాదు, విహారయాత్ర. మీరు ఏదో ఒకటి తయారుచేయాలి, సరిగా రానప్పుడు మళ్లీ చేయాలి.

శారీరక శ్రమ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు కనుక బరువులెత్తడానికి ఈ నేలపై ప్రేరణ కరువు లేదు. అయితే క్యాస్ పతకాలు అడగదు. ఎప్పుడూ పరుగెత్తని పిల్లవాడు ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తే స్థాయికి నాలుగు నెలల్లో చేరితే చాలు. జాగ్రత్త మాత్రం ఒకటి చెప్పాలి. నాగావళి, వంశధారలలో ఎగువన కురిసిన వానకు నీటిమట్టం హఠాత్తుగా పెరుగుతుంది, కళింగపట్నం తీరంలో అలలు ఒడ్డున ఉన్నవారిని లాగేస్తాయి. కాబట్టి ఈతను శిక్షకుడున్న కొలనులోనే నేర్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పరుగును సూర్యోదయానికి ముందే ముగించండి.

నాలుగో అడుగు: సేవ, అడగడంతో మొదలు

సేవ నాలుగు రకాలుగా ఉండవచ్చు. మనుషులతోనో పర్యావరణంతోనో నేరుగా పనిచేయడం, కనబడకుండా వెనక నుంచి సాయపడడం, ఒక సమస్య గురించి గొంతెత్తడం, సమాచారం సేకరించి అవసరమైనవారికి అందించడం. పిల్లలు ఎక్కువగా పొరబడేది మూడో రకంలో. నాలుగు పోస్టర్లు గీసి ‘అవగాహన కల్పించాం’ అని రాసేస్తారు. ఎవరికి అవగాహన కల్పించారో, ఆ అవగాహన వారికి ముందే లేదని ఎలా తెలుసుకున్నారో ఎవరూ రాయరు. తేలినీలాపురంలో ఏటేటా వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివారే ఆప్యాయంగా కాపాడుకుంటున్నారు. వారికి పక్షుల గొప్పతనం చెప్పడానికి నగరం నుంచి వెళ్లే విద్యార్థి, ముందు వారి దగ్గర కూర్చుని వినడం మర్యాద.

కొన్ని రంగాల్లో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉన్న జీవులు. గుడ్లను ముట్టుకోవడం, టార్చి వేసి ఫొటోలు తీయడం సేవ కాదు, అపచారం. అటవీ శాఖ అనుమతితో, వారి సిబ్బంది వెంట, చెప్పిన పని చెప్పినట్టు చేయగలిగితేనే వెళ్లండి. ఉద్దానం కిడ్నీ వ్యాధి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పదహారేళ్ల విద్యార్థి రోగుల ఇళ్లకు వెళ్లి ప్రశ్నపత్రం నింపడం వారి బాధను సమాచారంగా మార్చడమే అవుతుంది. మీ వయసుకు తగిన పనులు వేరే ఉన్నాయి. డయాలసిస్ రోజున ఇంట్లో ఒంటరిగా మిగిలే పిల్లలకు, కుటుంబం కోరితే, పెద్దల పర్యవేక్షణలో పాఠం చెప్పడం అలాంటిదే. రక్తదానం ఇవ్వడానికి 18 ఏళ్లు నిండాలి. శిబిరం ఏర్పాటులో, దాతల నమోదులో మాత్రం మీరు పనిచేయవచ్చు.

తుపాను సాయం గురించి ఒక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రోజుల్లో శిక్షణ లేని విద్యార్థులు వెళ్తే సహాయక సిబ్బందికి అడ్డమే అవుతారు. అందరూ వెళ్లిపోయాక, కొత్త మొక్కలకు రెండు వేసవులు నీళ్లు పోయవలసినప్పుడు, ఎవరూ ఉండరు. పద్దెనిమిది నెలల గడువు ఉన్న విద్యార్థి సరిగ్గా సరిపోయేది అప్పుడే.

ఐదో అడుగు: ప్రాజెక్టును ఐదు దశల్లో నడపడం

క్యాస్ పనికి పరిశీలన, సన్నాహం, ఆచరణ, ఆత్మపరిశీలన, ప్రదర్శన అనే ఐదు దశలు చెప్పారు. వాటిని నిర్వచనాలతో కాకుండా ఒక ఉదాహరణతో చూద్దాం. ముగ్గురు స్నేహితులు తప్పెటగుళ్లను ప్రాజెక్టుగా తీసుకున్నారనుకోండి. ఉత్తరాంధ్ర యాదవ కుటుంబాలు తరతరాలుగా నిలుపుకుంటూ వస్తున్న కళ ఇది. ఛాతీకి కట్టిన రేకు గుళ్లను అరచేతులతో మోగిస్తూ, కాళ్ల గజ్జెలతో అడుగు వేస్తూ, పాడుతూ, బృందమంతా ఒకరి భుజాల మీద ఒకరు నిలిచే విన్యాసాలు చేస్తూ ఆడతారు. నేర్చుకుంటే సృజన, ఆడితే శరీరశ్రమ. మూడో పాయ ఏమిటన్నది మాత్రం ఆ కళాకారులే చెప్పాలి.

పరిశీలన దశలో ముగ్గురూ ఒక బృందం గురువు దగ్గరకు వెళ్లి, ‘మీ పాటలను రికార్డు చేసి భద్రపరుస్తాం తాతా’ అన్నారనుకోండి. ‘రికార్డు సేసి ఏటి సేత్తావు బాబూ?’ అని ఆయన అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేకపోతే ప్రాజెక్టు ఇంకా మొదలు కానట్టే. ఆయనకు కావలసింది వేరు కావచ్చు. తమ ఊరి బడిపిల్లలు రెండు పాటలైనా నేర్చుకోవడం కావచ్చు, వృద్ధ కళాకారుల పింఛను దరఖాస్తుకు కాగితాలు సర్దిపెట్టడం కావచ్చు, పగిలిన గుళ్లకు బదులు కొత్తవి కావచ్చు. రెండు మూడు సార్లు వెళ్లి, పాడించమని అడగకుండా కూర్చుంటేనే ఆ అవసరం బయటపడుతుంది. ఆ సందర్శనల నోట్సే పరిశీలనకు ఆధారం.

సన్నాహంలో ఎవరు ఏం చేస్తారో రాసుకోవాలి. ఒకరు పాటల పాఠాన్ని రాయడం, ఒకరు ధ్వని, ఒకరు బడితో మాట్లాడడం. ప్రధానోపాధ్యాయుల నుంచి, తల్లిదండ్రుల నుంచి అనుమతి పత్రాలు తీసుకోవాలి. పనిని పర్యవేక్షించే పెద్దమనిషిని ఎంచుకోవాలి. మేనమామనో పెద్దమ్మనో పెట్టుకుంటే పాఠశాలలు సాధారణంగా ఒప్పుకోవు. గురువుగారి సమయానికి గౌరవ వేతనం ఇవ్వాలి, ఎందుకంటే సేవ చేస్తున్నది మీరు, ఆయన కాదు. విరాళాలు సేకరిస్తే రూపాయి రూపాయికీ లెక్క రాసి, చివర దాతలకు చూపండి.

ఆచరణ ప్రణాళిక ప్రకారం సాగదు. నాట్ల కాలంలో బృంద సభ్యులు పొలాల్లో ఉంటారు, పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం చుట్టుపక్కల ఎవరూ ఇంటి పట్టున దొరకరు, మీ పాఠశాలలో యూనిట్ టెస్టు వచ్చిపడుతుంది. కాబట్టి దసరా, సంక్రాంతి, వేసవి సెలవులను ఊళ్లో చేసే పనికి, మిగతా వారాలను హాస్టల్ నుంచి చేయగల పనికి కేటాయించండి. రికార్డింగులను విని పాఠం రాయడం, అడుగులు సాధన చేయడం, బడిపిల్లలకు బొమ్మల పుస్తకం తయారుచేయడం అలాంటివే. ఇలా విభజించుకోని కారణంగానే మన జిల్లాల పిల్లల క్యాస్ మధ్యలో తెగిపోతుంటుంది. సెలవుల్లో గొప్పగా మొదలైన పని హాస్టల్‌కు తిరిగి వెళ్లగానే నిద్రపోతుంది.

ప్రదర్శన అంటే వేదిక మీద ఆడడమే కానక్కరలేదు. బడి ఆవరణలో పిల్లలు రెండు పాటలు పాడడం, గురువుగారు ముందు వరుసలో కూర్చోవడం చాలు.

ఆరో అడుగు: ఆత్మపరిశీలన రాయడం

క్యాస్‌లో చాలామంది తడబడేది ఇక్కడే, అదీ రాయడం రాక కాదు, రాయవలసిన రోజున రాయక. ఆత్మపరిశీలనకు నాలుగు భాగాలుంటాయి. ఏం జరిగిందో చెప్పడం, ఏమనిపించిందో చెప్పడం, దాని నుంచి ఆలోచన పుట్టించడం, ప్రశ్న వేసుకోవడం. ఈ రెండు నమూనాలు చూడండి.

‘ఈ రోజు తప్పెటగుళ్లు సాధన చేశాం. చాలా బాగా అనిపించింది. గురువుగారు ఎంతో ఓపికగా నేర్పారు. ఎన్నో విషయాలు తెలుసుకున్నాను.’

‘మూడో పాట దగ్గర చేయి, కాలు కలవలేదు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టి వేస్తున్నాను. గురువుగారు పాట విని వేస్తున్నారు. నాలుగుసార్లు తప్పాక కోపం వచ్చి గుళ్లు విప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ సిగ్గుగా అనిపించింది. నాకు తెలిసిన పద్ధతిలోనే నేర్పమని వారిని అడగవచ్చా, లేక వారి పద్ధతికి నేనే మారాలా?’

మొదటిది ఏ ఊళ్లో ఏ విద్యార్థి అయినా రాయగలడు. రెండోదాన్ని ఆ రోజు అక్కడ ఉన్నవారు తప్ప మరొకరు రాయలేరు. ప్రతి వారం పేజీలు నింపనక్కరలేదు. నెలకు రెండో మూడో ఇలాంటివి ఉంటే పోర్ట్‌ఫోలియో నిలబడుతుంది. రాయడానికి చేయి రాని రోజున ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేయండి, బొమ్మ గీయండి. ఇంటి తెలుగులో మాట్లాడితేనే నిజం బయటికి వస్తుందనుకుంటే అలాగే చేసి, సమన్వయకర్తను ముందే అడిగి, కింద ఇంగ్లిష్‌లో సారాంశం జతచేయండి. రికార్డు చేసిన తేదీని వెంటనే ఫైలు పేరులో రాయండి. ఫిబ్రవరిలో కూర్చుని అంతకుముందు ఆగస్టు నాటి అనుభూతులను అల్లేవారి మాటలను సమన్వయకర్తలు ఇట్టే పసిగడతారు. పిల్లల ముఖాలున్న ఫొటోలను వారి తల్లిదండ్రుల అనుమతి లేకుండా పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి.

ఏడో అడుగు: ఏడు ఫలితాల పట్టిక

బలాలు–లోపాలు గుర్తించడం, సవాలును స్వీకరించి కొత్త నైపుణ్యం నేర్చుకోవడం, ఒక పనిని తామే ఆలోచించి మొదలుపెట్టడం, నిలకడ, కలిసి పనిచేయడం, ప్రపంచానికంతటికీ సంబంధించిన సమస్యతో ముడిపడడం, తమ పనుల్లోని నైతికతను ఆలోచించడం, ఇవి ఏడు ఫలితాలు. ప్రతి పనిలోనూ ఏడూ ఉండనక్కరలేదు. మొత్తం కార్యక్రమంలో ప్రతి ఒక్కటీ కనీసం ఒకసారి సాక్ష్యంతో కనబడాలి. మొదటి సంవత్సరం చివర జరిగే రెండో ముఖాముఖీకి ముందు ఒక పట్టిక గీసి, ఖాళీ గడులు ఎక్కడున్నాయో చూడండి. సాధారణంగా ఖాళీగా ఉండేవి చివరి రెండు.

ప్రపంచ సమస్య అనగానే ధ్రువపు ఎలుగుబంట్ల దాకా వెళ్లనక్కరలేదు. ఉద్దానంలో కనిపించే, కారణం పూర్తిగా తేలని ఆ కిడ్నీ వ్యాధి వంటిదే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు కూలీలలోనూ కనిపిస్తోంది. ఎండలో చెమటోడ్చే రైతు ఇక్కడా అక్కడా ఒక్కలాగే బాధపడుతున్నాడని గ్రహించి, మీ ఊరి పని గురించి ఆ దృష్టితో ఒక పేజీ రాస్తే ఆరో గడి నిండుతుంది. నైతికతకు సంబంధించిన ప్రశ్నలు తప్పెటగుళ్ల ప్రాజెక్టులో అడుగడుగునా ఎదురవుతాయి. ఆ పాట ఎవరిది, దాన్ని యూట్యూబ్‌లో పెట్టే హక్కు మీకు ఉందా, బృందంలో ఒకరు ఒప్పుకుని ఒకరు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు? జవాబు దొరికినా దొరకకపోయినా, ఎలా ఆలోచించారో రాయండి.

చివరి ముఖాముఖీకి ముందు

మూడో ముఖాముఖీ రెండో సంవత్సరం చివరి భాగంలో జరుగుతుంది. దానికి నెల ముందే పర్యవేక్షకుల సంతకాలు, వారి వ్యాఖ్యలు తెచ్చుకోండి. పరీక్షల రోజుల్లో పల్లెకు బస్సెక్కే తీరిక ఉండదు. రికార్డింగుల ప్రతిని పెన్‌డ్రైవ్‌లోను, పాటల పాఠాన్ని అచ్చులోను గురువుగారికి అందజేసి, అందినట్టు ఆయన చేతిరాతతో ఒక మాటో, వేలిముద్రో తీసుకోండి. ఆయన ఏదైనా పాటను తీసేయమంటే, పోర్ట్‌ఫోలియో సమర్పించక ముందే అన్ని ప్రతుల నుంచి తీసేసి, తీసేసినట్టు ఆ తేదీతో రాయండి.